ఎక్సెల్‌లో తెలుగు జాబితా గజిబిజిగా కనిపిస్తే: ముందు చెత్త ఏ రకమో చూడండి, తర్వాతే సేవ్ చేయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ ఊరి గ్రంథాలయంలోని పుస్తకాల జాబితాను గూగుల్ షీట్స్ నుంచి సీఎస్‌వీ ఫైలుగా, అంటే గళ్లను కామాలతో విడదీసిన ఉత్త పాఠంగా, దించుకున్నారు. ఎక్సెల్‌లో తెరిస్తే పేర్లన్నీ పిచ్చి గుర్తులుగా కనిపిస్తున్నాయి. మీ స్నేహితుడి కంప్యూటర్లో తెలుగు చక్కగా కనిపించింది గానీ, ఆయన సేవ్ చేసి పంపిన ప్రతిలో అన్నీ ప్రశ్నార్థకాలే ఉన్నాయి. తెలుగు ఫాంటు వేస్తే రెండూ బాగుపడతాయా అని అడిగారు.

బాగుపడవండి. మీ దగ్గరున్న ఫైలు నిక్షేపంగా ఉంది, దానికి ఫాంటుతో పనిలేదు. స్నేహితుడు పంపిన ప్రతిలో తెలుగు చెరిగిపోయింది, దాన్ని ఏ ఫాంటూ తిరిగి తేలేదు. కాబట్టి మీ ఫైలుకు ముందుగా ఒక నకలు తీసి పక్కన పెట్టండి. ఎక్సెల్ మూసేటప్పుడు సేవ్ చేయాలా అని అడిగితే వద్దనండి.

పాత పుస్తకాల వివరాలను డేటాబేసులోకి ఎక్కించడం నా ఉద్యోగంలో భాగం. పల్లె గ్రంథాలయాల నుంచి, డీటీపీ కేంద్రాల నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుల సొంత సేకరణల నుంచి ఇలాంటి ఫైళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. తెరవగానే నేను చూసేది అక్కడ కనిపిస్తున్న చెత్త ఏ రకం అన్నదే. ఎందుకంటే మందు దాన్నిబట్టే మారుతుంది.

మీ తెరమీద నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లిష్ చిన్న ‘ఎ’, దాని పక్కన డిగ్రీ గుర్తు లేదా ప్లస్-మైనస్ గుర్తు పదేపదే కనిపిస్తున్నాయా? అయితే సంతోషించండి. అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో సంఖ్య ఇచ్చే ఏర్పాటు యూనికోడ్, ఆ సంఖ్యలను ఫైలులో బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8. ఈ పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరమూ, ప్రతి గుణింతపు గుర్తూ మూడేసి బైట్లు తీసుకుంటాయి. ‘తెలుగు’ అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి ఆరు, అంటే 18 బైట్లు. ఈ మూడు బైట్లలో మొదటిది తెలుగు మొత్తానికీ ఒక్కటే, రెండోది రెండింటిలో ఒకటి. వాటిని విండోస్ 1252 అనే పాత అక్షర పట్టికతో (ఏ బైటు ఏ అక్షరమో చెప్పేది) చదివితే మొదటిది ఆ గీత ఉన్న ‘ఎ’గా, రెండోది డిగ్రీ లేదా ప్లస్-మైనస్ గుర్తుగా కనిపిస్తుంది. ఫైలులో ఉన్నది తెలుగే, చదివిన పట్టికే తప్పు. నిర్ధారించుకోవాలంటే అదే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అక్కడ తెలుగు చక్కగా కనిపిస్తే సందేహం అక్కర్లేదు.

ఎక్సెల్‌లో సరిగ్గా తెరవడానికి ఫైలు మీద రెండుసార్లు నొక్కకండి. ఖాళీ షీటు తెరిచి, డేటా ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కి, మీ ఫైలును ఎంచుకోండి. వచ్చే కిటికీలో ‘ఫైల్ ఆరిజిన్’ దగ్గర 65001, అంటే యూనికోడ్ యూటీఎఫ్-8, పెట్టండి. తెలుగు అక్కడే కనిపించాలి. అదే కిటికీలో డేటా రకాలను ఎక్సెల్ తనంతట తాను గుర్తించకుండా ఆపే ఎంపిక కూడా ఉంటుంది. గ్రంథాలయ జాబితాకు అది తప్పనిసరి అని నేనంటాను. లేకపోతే 00124 అన్న పరిగ్రహణ సంఖ్య (పుస్తకం మీద గ్రంథాలయం వేసే నంబరు) 124 అయిపోతుంది, ఆ తర్వాత బీరువాలోని పుస్తకానికీ జాబితాకూ పొంతన ఉండదు. ఎక్సెల్‌కు బదులు లిబ్రెఆఫీస్ వాడేవారికి ఇంత శ్రమ లేదు. సీఎస్‌వీ తెరవబోతే అది ముందుగా అక్షర పట్టిక ఏదని అడుగుతుంది, యూటీఎఫ్-8 ఎంచుకుంటే చాలు. ఇంకా సులువైన దారి, గూగుల్ షీట్స్ నుంచి సీఎస్‌వీగా కాకుండా ఎక్సెల్ ఫైలుగానే దించుకోవడం. మీ అవసరానికి అదే సరిపోతుంది.

ఇక ప్రశ్నార్థకాల సంగతి. ఎక్సెల్‌లో ‘సేవ్ యాజ్’ నొక్కితే సీఎస్‌వీ పేరుతో ఒకటి కంటే ఎక్కువ రకాలు కనిపిస్తాయి. ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్నది వేరు, ఉత్త ‘సీఎస్‌వీ’ వేరు. రెండోది 1252 లాంటి పాత పట్టికలో రాస్తుంది. ఆ పట్టికలో తెలుగుకు చోటే లేదు గనుక ప్రతి అక్షరం స్థానంలో ఒక ప్రశ్నార్థకం పెట్టేస్తుంది. అది తెరమీది బొమ్మ కాదు, ఫైలులో నిజంగా ఉన్నది ప్రశ్నార్థకమే. త ఏదో, న ఏదో చెప్పే ఆధారం అందులో మిగలదు. ఇలాంటి ఫైళ్లను బాగుచేసి ఇస్తామంటూ డబ్బు అడిగేవాళ్లు కనిపిస్తే ఇవ్వకండి. మీ స్నేహితుడు సేవ్ చేయకముందు ఉన్న ప్రతి ఆయన మెయిల్‌లోనో ఫోనులోనో ఉండే అవకాశం ఎక్కువ, అది వెతికించండి.

డెవలపర్లకు కూడా ఇదే జబ్బు మరో రూపంలో ఎదురవుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేసులో కాలమ్‌ను యూనికోడ్ పాఠం పట్టే ‘ఎన్‌వార్‌చార్’ రకంగా పెట్టి, విలువ రాసేటప్పుడు కొటేషన్ ముందు పెద్ద ‘ఎన్’ అక్షరం పెట్టకపోయినా తెలుగు ప్రశ్నార్థకాలుగానే చేరుతుంది. కాలమ్ సరిగ్గానే ఉంది కదా అని గంటలకొద్దీ వేరేచోట వెతుకుతూ కూర్చునేవారిని చూశాను.

పిచ్చి గుర్తులతో ఉన్న ఫైలును అలాగే ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’గా సేవ్ చేస్తే ఏమవుతుంది? అప్పుడు ఆ గుర్తులే అసలు అక్షరాలుగా స్థిరపడతాయి, తెలుగు భాగం సైజు ఇంచుమించు రెట్టింపవుతుంది, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చెత్తే కనిపిస్తుంది. దీన్ని వెనక్కి తిప్పవచ్చు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆ పాఠాన్ని 1252గా బైట్లలోకి మార్చి, ఆ బైట్లను యూటీఎఫ్-8గా చదవాలి. అయితే తెలుగుకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. 1252 పట్టికలో ఐదు స్థానాలు ఖాళీ. ఉకార గుర్తు, పొల్లు, ఏ, ఐ, ఝ, అరసున్న, వీటి మూడో బైట్లు సరిగ్గా ఆ ఖాళీల్లోనే పడతాయి. ఉకారమూ పొల్లూ లేకుండా తెలుగులో ఒక్క వాక్యం రాయగలమా? అందుకే పైథాన్ మొదటి వరుసలోనే పొరపాటు చూపి ఆగిపోతుంది. ‘భ’ మూడో బైటు కంటికి కనిపించని మెత్తని హైఫన్ అవుతుంది, ‘ఠ’ది ఖాళీ జాగా అవుతుంది. ఎవరైనా ఆ పాఠాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి కాపీ చేసి ఉంటే ఇవి జారిపోతాయి. పైథాన్‌కు తోడుగా దొరికే ‘ఎఫ్‌టీఎఫ్‌వై’ అనే సిద్ధంగా ఉన్న కోడు ఆ ఖాళీ స్థానాలను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. నేను దాన్నే వాడతాను. కాపీ చేసిన ముక్కతో కాకుండా అసలు ఫైలుతోనే పని చేయించండి. ఫలితం వచ్చాక పొల్లులూ ఉకారాలూ ఉన్నాయో లేదో కళ్లతో చూడాల్సిందే.

మీ జాబితాలో పాత భాగాన్ని డీటీపీ కేంద్రంలో టైపు చేయించామని కూడా రాశారు. అక్కడ కథ వేరు. ‘అను’ వంటి డీటీపీ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చారు. ఫాంటు ఉన్నంతసేపు తెలుగులా కనిపిస్తుంది, తీసేస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు మిగులుతాయి. డిగ్రీ గుర్తుల వరుస ఉండదు, అదే ఆనవాలు. దీనికి పట్టిక మార్చడం పనిచేయదు, యూనికోడ్‌లోకి మార్చే సాధనం కావాలి. ముందు ఆ కేంద్రానికి ఫోను చేసి ఏ ఫాంటు, ఏ వెర్షన్ వాడారో కనుక్కోండి. వెర్షన్ తప్పుగా ఎంచుకుంటే కొన్ని అక్షరాలు సరిగ్గా వచ్చి, కొన్ని వేరే అక్షరాలుగా మారతాయి. అది పూర్తి చెత్తకంటే ప్రమాదం, ఎవరికీ అనుమానం రాదు. మార్చాక ఒత్తులున్న పేర్లను, ముఖ్యంగా రచయితల ఇంటిపేర్లను, పుస్తకం అట్టతో పోల్చి చూడండి.

అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తే మాత్రమే అది ఫాంటు సమస్య. గౌతమి అనే తెలుగు ఫాంటు విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది, తెలుగు ఉన్న నిర్మలా యూఐ ఫాంటు విండోస్ 8 నుంచి కంప్యూటర్‌తోనే వస్తోంది గనుక ఇది ఇప్పుడు అరుదు.

అన్నీ బాగుపడ్డాక కూడా వెతికితే కొన్ని పుస్తకాలు దొరకకపోవచ్చు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు విడిగా నిలవడానికి మధ్యలో కనిపించని అక్షరం ఒకటి పెడతాం. ఒకరు పెట్టి, మరొకరు పెట్టకుండా టైపు చేస్తే కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. నేను జాబితాలో కనిపించే పేరును అలాగే ఉంచి, ఆ అక్షరం తీసేసిన రూపాన్ని పక్క కాలమ్‌లో పెట్టి, వెతికే మాటనుంచి కూడా దాన్ని తీసేసి అందులోనే వెతికిస్తాను.

ముందు నోట్‌ప్యాడ్ పరీక్ష చేసి ఏం కనిపించిందో ఇక్కడే రాయండి. డీటీపీ భాగంలోంచి ఓ రెండు వరుసలు, వాటి పక్కనే పుస్తకం అట్టమీద ఉన్న అసలు పేర్లు కూడా పెడితే, ఏ వెర్షన్ ఫాంటో పోల్చి చెప్పే ప్రయత్నం చేస్తాను.