నాన్న రీయూనియన్‌కి రానంటున్నారు

ప్రశ్న: మాది విశాఖ, గాజువాక. నాన్నకు 76 ఏళ్లు. నేవీలో సెయిలర్‌గా చేశారు. 1971 యుద్ధం నాటి తోటివాళ్లంతా డిసెంబర్‌లో ఇక్కడే కలుస్తున్నారు. ఆ ఫోన్ వచ్చినప్పటి నుంచి నాన్నకు నిద్ర లేదు. రానంటే రానంటున్నారు. యుద్ధానికి కొన్ని నెలల ముందే ఆయన్ని ఐఎన్ఎస్ ఖుక్రీ నుంచి బదిలీ చేశారట. ఆ ఓడతోపాటు ఆయన స్నేహితుడు పోయాడని అమ్మ చెప్పేది. అమ్మ రెండేళ్ల కిందట పోయింది. వెళ్తే తేలికపడతారని బలవంతం చేస్తే నామీద కేకలేశారు. ఏం చేయను?

జవాబు: అమ్మా, ముందు బలవంతం మానేయండి. ఆయన కోపం మీ మీద కాదు.

మన ఊళ్లో డిసెంబర్ అంటే గెలుపు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మన తీరంలోనే, బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్తూపం ఉంది, 4న నేవీ డే. మీ నాన్నకు మాత్రం ఆ నెలంటే 9వ తేదీ. 1971లో ఆ రాత్రే డయ్యూ దగ్గర సముద్రంలో మరో పాకిస్తాన్ జలాంతర్గామి ఖుక్రీని టార్పెడోతో కొట్టింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ ముల్లా ఓడతోపాటే మునిగిపోయారు. వాళ్లలో మీ నాన్నతో ఒకే మెస్‌లో తిన్నవాళ్లు ఉంటారు. తన చోటికి వచ్చిన కుర్రాడెవరో కూడా ఆయనకు తెలిసి ఉండొచ్చు. 'నేనెందుకు మిగిలాను' అన్న బాధ ఉద్యోగం, పిల్లల చదువుల మధ్య అణిగి ఉంటుంది. రిటైరయ్యాక, ముఖ్యంగా భార్య పోయాక, పైకి వస్తుంది. నాకైతే ఇది మొండితనంలా అనిపించడం లేదు.

"మీ అదృష్టం బాగుండి బతికారు" అని మాత్రం అనకండి. ఆయన్ని పొడిచేది ఆ మాటే. "మీ ఫ్రెండ్ ఎలా ఉండేవాడు నాన్నా?" అని అడిగి ఊరుకోండి. ఆ రోజు చెప్పకపోయినా ఫర్వాలేదు, చెప్పమని పట్టుబట్టకండి. ఆయనకు బాగా దగ్గరైన పాత సహచరుడు ఒక్కరు ఇంటికొచ్చి టీ తాగి వెళ్తే, హాలు నిండా జనం కన్నా అదే ఎక్కువ మేలు చేస్తుంది. మనం వినలేని మాటలు వాళ్లిద్దరూ మాట్లాడుకోగలరు.

ఆ తర్వాత వస్తానంటే, కార్యక్రమంలో ఏమేం ఉన్నాయో నిర్వాహకులను కనుక్కుని ముందే చెప్పండి. పేర్లు చదివి మౌనం పాటించే సమయం ఉంటే అది ఆయనకు హఠాత్తుగా ఎదురుకాకూడదు. సొంత బండిలో తీసుకెళ్లండి, లేద్దామన్న క్షణంలో లేచి వచ్చేయొచ్చు. రానంటే అదీ సరైన నిర్ణయమే, బంధువుల ముందు దాని ప్రస్తావన తేకండి.

నిద్రలేమి రెండు వారాలు దాటినా, తిండి తగ్గినా మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో చూపించి, సైకియాట్రిస్టు దగ్గరికి రిఫర్ చేయించండి. బతికి ఏం లాభం అన్న మాట వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి రాత్రయినా చేయొచ్చు, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మీకు టెన్షన్‌గా ఉన్నా ఆ నంబరుకే చేయండి.