గని వ్యర్థాల గుట్టకు దిగువన ఉన్న బావి నీళ్లు కాచి తాగితే సరిపోతుందా?

మూతపడిన గని వ్యర్థాల గుట్టకు దిగువన మీ బావి, పొలం ఉన్నాయన్నారు. నీళ్లు తేటగానే ఉన్నాయి, కాచి తాగితే చాలా అని అడిగారు. చాలదు. కాచితే క్రిములు చస్తాయి గానీ లోహాలు పోవు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో వాటి పాళ్లు కాస్త పెరుగుతాయి కూడా. పరీక్ష ఫలితం చేతికొచ్చేదాకా తాగడానికి, వంటకు వేరే నీళ్లు వాడండి.

గనుల చుట్టుపక్కల నీటి శాంపిళ్లు తీసే పని నేను కొన్నేళ్లు చేశాను. తేటదనాన్ని మాత్రం నమ్మకండి. గుట్టలోని రాళ్లలో పైరైట్ లాంటి గంధక ఖనిజాలు ఉంటే, గాలి, నీరు తగిలి ఆమ్లం పుడుతుంది. కొన్ని రకాల బ్యాక్టీరియా ఉంటే ఆ పని మరింత వేగంగా జరుగుతుంది. రాతిలోని కాడ్మియం, జింక్, రాగి ఆ ఆమ్లంలో కరిగి బయటికొస్తాయి. ఆ ఊట వాగులో కలిశాక ఇనుము నారింజ రంగు మడ్డిగా అడుగుకు దిగుతుంది. కాడ్మియం, జింక్ మాత్రం చాలావరకు కంటికి కనబడకుండా నీళ్లతోపాటే కిందికి సాగిపోతాయి. జనం ఆ మడ్డి ఉన్న మడుగును వదిలేసి, దానికి దిగువన తేటగా ఉన్నచోట బిందెలు నింపుకోవడం చూశాను. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

శాంపిల్ ఎప్పుడు తీశారన్నది చాలా ముఖ్యం. ఎండలకు గుట్ట మీద తెల్లగా, పసుపుగా లోహాలు కలిసిన ఉప్పు పేరుకుంటుంది. తొలి వానలకు అదంతా ఒక్కసారిగా కరిగి దిగుతుంది. నేను చూసిన చెడ్డ ఫలితాలు ఎక్కువగా ఆ రోజుల్లోవే. అందుకని ఎండాకాలంలో ఒకసారి, తొలి వానలు పడ్డాక ఒకసారి పరీక్ష చేయించండి. సీసా ల్యాబ్ వాళ్లనే అడిగి తీసుకోండి. లోహాలు సీసా గోడకు అంటుకోకుండా శాంపిల్‌లో నైట్రిక్ యాసిడ్ కలపాలి, లేకపోతే ఉన్నదానికంటే తక్కువ చూపించవచ్చు. మామూలు నీటి పరీక్షలో లోహాలు ఉండకపోవచ్చు కాబట్టి సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ అని పేరుపేరునా చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం లీటరు తాగునీటిలో సీసం 10, ఆర్సెనిక్ 10, కాడ్మియం 3 మైక్రోగ్రాములు దాటకూడదు.

పొలంలో వరి వేస్తుంటే మట్టిని, గింజను కూడా పరీక్ష చేయించండి. జపాన్‌లో కమియోకా గని కాడ్మియం జింజు నది నీళ్లతో వరి పొలాల్లోకి చేరింది. ఆ బియ్యం ఏళ్ల తరబడి తిన్నవాళ్లకు, ముఖ్యంగా వయసు మళ్లిన ఆడవాళ్లకు, మూత్రపిండాలు దెబ్బతిని ఎముకలు పెళుసుబారాయి. కాడ్మియమే కారణమని అక్కడి ప్రభుత్వం 1968లో ప్రకటించింది. ఎవరో చెప్పారని వెంటనే సున్నం చల్లడమో, మడిలో నీళ్లు నిలపడమో చేయకండి. సున్నం వేసినా, మడిలో నీళ్లు నిలిపినా పంటకు ఎక్కే కాడ్మియం తగ్గుతుంది. కానీ నీళ్లు నిలిపితే ఆర్సెనిక్ ఎక్కువగా గింజలోకి చేరుతుంది. మీ మట్టిలో ఏది ఎంతుందో తెలిశాకే ఏం చేయాలన్నది తేలుతుంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే గుట్ట దగ్గర ఆడుకోనివ్వకండి. ఆ దుమ్ము చేతుల నుంచి నోట్లోకి వెళ్తుంది, పైగా సీసం పెద్దవాళ్ల కంటే పిల్లల ఒంటికి చాలా ఎక్కువగా పడుతుంది. డాక్టర్‌కి గుట్ట సంగతి చెప్పి, పిల్లలకు రక్తంలో సీసం పరీక్ష రాయించండి.