ఆపరేషన్ అయ్యాక నెల తప్పితే

ప్రశ్న: మా వదినకు 34 ఏళ్లు. ఇద్దరు పిల్లలు పుట్టాక కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుని ఆరేళ్లయింది. ఈమధ్య నెలసరి పది రోజులు ఆలస్యమై, తర్వాత కాఫీ రంగులో కొద్దిగా మరకలు కనిపించాయి. కుడివైపు పొత్తికడుపులో నొప్పి వస్తే గ్యాస్ అనుకుని మాత్రలు వేసుకున్నారు. మూడో రోజు తెల్లవారుజామున విరేచనం వస్తున్నట్లుందని మరుగుదొడ్డికి వెళ్లి అక్కడే సొమ్మసిల్లి పడిపోయారు. గర్భం ట్యూబులో నిలిచి పగిలిందని ఆస్పత్రిలో వెంటనే శస్త్రచికిత్స చేశారు. ఆపరేషన్ అయినవారికి గర్భం ఎలా వచ్చింది? మేం ముందే గుర్తించగలిగేవాళ్లమా?
- ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ట్యూబెక్టమీ (కుటుంబ నియంత్రణ ఆపరేషన్) తర్వాత గర్భం రావడం చాలా అరుదు. అయితే అలా వచ్చిన గర్భాల్లో దాదాపు మూడో వంతు, అండాన్ని గర్భసంచికి చేర్చే ట్యూబులోనే నిలుస్తాయి. కత్తిరించి ముడివేసిన చోట ఎప్పుడైనా సన్నని దారి తిరిగి ఏర్పడితే, అందులోంచి వీర్యకణం దూరగలదు గానీ, దానికంటే ఎంతో పెద్దదైన పిండం గర్భసంచిలోకి దిగలేక అక్కడే అతుక్కుంటుంది. ట్యూబు గర్భసంచిలా సాగదు కాబట్టి, చివరి నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కిస్తే సాధారణంగా 6 నుంచి 8 వారాల మధ్య చిట్లుతుంది.

మీ వదినగారికి విరేచనం వస్తున్నట్లు అనిపించడం కూడా ఒక సంకేతమే. ట్యూబు నుంచి కారిన రక్తం గర్భసంచి వెనుక చేరి పెద్దపేగు చివరి భాగాన్ని ఒత్తడం వల్ల అలా అనిపిస్తుంది. ఆ రక్తం పైకి పాకి ఊపిరితిత్తుల కింది పొరను తాకితే భుజం చివర నొప్పి పుడుతుంది. ఆ పొరకు వెళ్లే నరం మెడ దగ్గర బయల్దేరడమే అందుకు కారణం. పడుకున్నప్పుడు ఈ నొప్పి పెరుగుతుంది, బామ్ రాసినా తగ్గదు. ఒకవైపు మొదలైన నొప్పి ఒక్కసారిగా కడుపంతా పాకడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, చల్లని చెమటలు, ముఖం పాలిపోవడం, నాడి వేగంగా కొట్టుకోవడం ఆ వెంటే వస్తాయి. బయటికి కనిపించే రక్తాన్ని బట్టి మాత్రం అంచనా వేయవద్దు. ప్యాడ్‌పై చిన్న మరక మాత్రమే ఉన్నా, కడుపులో లీటరుకు పైగా రక్తం చేరి ఉండవచ్చు.

నెల తప్పగానే మెడికల్ షాపులో గర్భస్రావం మాత్రలు కొని వాడేవారు తరచూ కనిపిస్తుంటారు. ఆ మాత్రలు ట్యూబులోని గర్భాన్ని తొలగించవు. పైగా వాటివల్ల అయ్యే రక్తస్రావం చూసి పని అయిపోయిందనుకుంటారు, లోపల ప్రమాదం అలాగే ఉంటుంది.

ఆపరేషన్ అయినా, కాపర్-టి ఉన్నా, నెలసరి వారం ఆలస్యమైతే కిట్‌తో మూత్రపరీక్ష చేసుకోవాలి. గర్భం ఉన్నట్లు తేలితే వెంటనే స్కానింగ్ చేయించాలి, గర్భసంచిలో ఏమీ కనిపించకపోతే గర్భంతో పెరిగే హార్మోన్‌ను కొలిచే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్షను 48 గంటల తేడాతో రెండుసార్లు చేయించి పోల్చి చూస్తారు. పగలకముందే తెలిస్తే కొందరికి, గర్భం ఎదగకుండా ఆపే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌తోనే నయమవుతుంది. పైన చెప్పిన నొప్పి, కళ్లు తిరగడం మొదలైతే మాత్రం స్కానింగ్ సెంటర్ల చుట్టూ తిరగకుండా, తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకుండా, 108కి ఫోన్ చేసి ఆపరేషన్ థియేటరు, రక్తం ఎక్కించే వసతి ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అక్కడ "పిల్లల్లేకుండా ఆపరేషన్ అయింది" అని మాత్రమే చెప్పి ఊరుకుంటే ఆలోచన అపెండిసైటిస్ వైపు మళ్లవచ్చు. నెల తప్పిందన్న మాటను మొదట చెప్పండి.

ఇంకొక సంగతి. మీ వదినగారి రెండో ట్యూబును కూడా తీసేశారో లేదో డిశ్చార్జి కాగితంలో చూడండి. అది ఉంటే, ఇకపై ఎప్పుడు నెల తప్పినా మొదటి వారంలోనే పరీక్ష చేయించుకోవాలి.