కొవ్వు తిన్నప్పుడే కుడి పక్కన నొప్పి, తొందరగా కడుపు నిండడం: రెండింటికీ సంబంధం ఉందా?

ఉంది. కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనం చేసినప్పుడే కుడి పక్కటెముకల కింద నొప్పి వస్తోందని, కొంచెం తినగానే ఇక చాలనిపిస్తోందని రాశారు. పైత్యరసం (కొవ్వు అరగడానికి తోడ్పడే రసం) నిల్వ ఉండే పిత్తాశయంలో రాళ్లతో చాలాకాలం బాధపడి, చివరికి ఆపరేషన్ చేయించుకున్నాను కాబట్టి మీ ప్రశ్న చదవగానే సీసీకే అనే హార్మోన్ గుర్తుకొచ్చింది. దీని పూర్తి పేరు కోలిసిస్టోకైనిన్.

చిన్నపేగు మొదటి భాగంలోని కొన్ని కణాలు దీన్ని తయారు చేస్తాయి. జీర్ణమవుతున్న కొవ్వు, మాంసకృత్తులు అక్కడికి చేరగానే అది రక్తంలోకి విడుదలవుతుంది. పిండిపదార్థాలకు అంతగా స్పందించదు. దాని ప్రభావంతో పిత్తాశయం ముడుచుకుని పైత్యరసాన్ని బయటకు నెడుతుంది, ఆ రసం పేగులోకి వెళ్లే ద్వారం వదులవుతుంది, క్లోమం జీర్ణ ఎంజైములను వదులుతుంది. దారిలో రాయి అడ్డుపడితే పిత్తాశయం ఎంత బిగిసినా రసం కదలదు. నొప్పి అప్పుడే మొదలవుతుంది. తిన్న వెంటనే కాకుండా కాసేపయ్యాక ఎందుకు వస్తుందో నాకు అప్పుడే అర్థమైంది.

ఇక ఆకలి సంగతి. ఇదే హార్మోన్ జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, పొట్టను మెదడుతో కలిపే వేగస్ నాడి ద్వారా మెదడుకు చాలనే కబురు పంపుతుంది. పిత్తాశయంపై దీని ప్రభావాన్ని 1928లోనే ఐవీ, ఓల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆకలిని తగ్గిస్తుందని 1973లో గిబ్స్, యంగ్, స్మిత్ ఎలుకల్లో చూపించే వరకు ఆ రెండో పని వెలుగులోకి రాలేదు. అయితే దీన్ని పెంచుకుంటే బరువు తగ్గుతామనే ప్రచారాన్ని దయచేసి నమ్మకండి. ఇది రక్తంలో కొద్ది నిమిషాలే నిలుస్తుంది. పదేపదే ఇచ్చినప్పుడు ఎలుకలు ఒక్కో పూట తక్కువ తిన్నాయి, కానీ ఎక్కువసార్లు తిన్నాయి.

పిత్తాశయం తీసేశాక కొవ్వు అసలు అరగదేమోనని నేను చాలా భయపడ్డాను. కానీ పైత్యరసం తయారయ్యేది కాలేయంలో. పిత్తాశయం లేకపోతే అది నిల్వ ఉండకుండా కొద్దికొద్దిగా నేరుగా పేగులోకి చేరుతుంది. మొదట్లో కొవ్వు ఎక్కువైతే విరేచనాలయ్యేవి, తర్వాత సర్దుకుంది.

అయితే మీ నొప్పికి కారణం రాళ్లేనని నేను చెప్పలేను. వైద్యుణ్ని కలిసి పొట్టకు అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయించుకోండి, రాళ్లుంటే చాలావరకు అందులోనే కనిపిస్తాయి. నొప్పి గంటలకొద్దీ తగ్గకపోయినా, జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.