రామ్సే దగ్గర అరుపు ఒక్కటే నేర్చుకున్నారా?

నా వయసు 27. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్ వంటశాలలో మూడేళ్లు పనిచేశాను. నాన్నకు మోకాళ్ల నొప్పులు ముదరడంతో రెండేళ్ల క్రితం తెనాలి వచ్చి మా టిఫిన్ సెంటరు చూసుకుంటున్నాను. కాలేజీ రోజుల నుంచి, టీవీ షోల్లో కనిపించే బ్రిటిష్ షెఫ్ గోర్డన్ రామ్సే నాకు ఆదర్శం. వంటలో రాజీ పడకూడదని ఆయన్ను చూసే నేర్చుకున్నాను. పోయిన నెల సాంబారు మాడు వాసన వస్తోందని ఒక కస్టమరు అనడంతో, గిన్నె మొత్తం అందరి ముందూ పారబోసి మా మాస్టర్‌ను తిట్టాను. ఆయన నాన్న దగ్గర ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నారు. మర్నాటి నుంచి రాలేదు. అప్పటి నుంచి నాన్న నాతో మాట్లాడటం లేదు. ఇంట్లో కూరకు వంక పెడితే నా భార్య ‘నేను మీ దగ్గర పనికి చేరలేదు’ అంటోంది. నా బ్యాచ్ వాళ్లు దుబాయ్‌లో, ఓడల్లో షెఫ్‌లుగా ఉన్నారు. ఇడ్లీలు వేస్తున్నంత మాత్రాన ప్రమాణం తగ్గించుకోవాలా? నా ఆదర్శమే తప్పా?
– ఒక పాఠకుడు, తెనాలి

రామ్సేను అభిమానించడంలో తప్పేమీ లేదు. మాడిన సాంబారు జనానికి వడ్డించకూడదనుకోవడంలో అసలే లేదు. నా పేచీ అంతా, అంత పెద్ద జీవితంలోంచి మీరు ఏరి తెచ్చుకున్న భాగంతోనే.

1966లో స్కాట్లండ్‌లో పుట్టిన ఆయన మొదట ఫుట్‌బాల్ ఆటగాడు కావాలనుకున్నారు. మోకాలి గాయం ఆ దారి మూసేసింది. (మీ దారినీ మోకాళ్లే మార్చాయి, కాకపోతే అవి మీ నాన్నగారివి. ఆ సంగతికి తర్వాత వస్తాను.) ఆ తర్వాత పేరున్న షెఫ్‌ల దగ్గర చేరారు: లండన్‌లో మార్కో పియర్ వైట్ దగ్గర, ఆల్బర్ట్ రూ దగ్గర, పారిస్ వెళ్లి గీ సావోయ్, జోయెల్ రొబుషాన్‌ల దగ్గర పనిచేశారు. ఏళ్ల తరబడి ఇంకొకరి వంటశాలలో ఇంకొకరి మాట వింటూ గడిపారు. లండన్‌లో తన పేరుతో రెస్టారెంటు తెరిచింది 1998లో. దానికి మూడు మిషెలిన్ నక్షత్రాలు, అంటే రెస్టారెంట్లకు మిషెలిన్ గైడు ఇచ్చే అత్యున్నత గుర్తింపు, వచ్చింది 2001లో. అమెరికాలో ఆయన టీవీ షో ‘హెల్స్ కిచెన్’ మొదలైంది 2005లో. మీరు చూసిన ఎపిసోడ్లన్నీ పని నేర్చుకోవడం అయిపోయాక వచ్చినవి. తెల్లవారకముందే సరుకు చూసుకోవడం, చేసిందే మళ్లీ మళ్లీ చేసి చెయ్యి కుదుర్చుకోవడం చూడటానికి ప్రేక్షకులు కూర్చోరు. అరుపు చూడటానికి కూర్చుంటారు.

అలాగని అదంతా కెమెరా కోసమేనని ఆయన్ను వెనకేసుకురాను. 1998లో రెస్టారెంటు తెరిచే రోజుల్లో తీసిన డాక్యుమెంటరీలోనూ ఆ నోరు అలాగే ఉంది. ఆయన గురువు వైట్ నోరూ చిన్నదేమీ కాదు. తన వంటశాలలో కుర్రాడు రామ్సే ఏడ్చిన సంగతి వైట్ స్వయంగా చెప్పారు. డెన్మార్క్‌లో ‘నోమా’ రెస్టారెంటుతో పేరు తెచ్చుకున్న రెనే రెడ్జెపీ 2015లో ఒక వ్యాసం రాస్తూ, కుర్రతనంలో తిట్లు తిని తాను ఎప్పటికీ ఇలా చేయకూడదనుకున్నానని, తీరా సొంత వంటశాల వచ్చాక అదే చేశానని ఒప్పుకున్నారు. హైదరాబాద్‌లో మీ మీద ఎవరు అరిచేవారో మీరు రాయలేదు. ఎవరూ అరవలేదంటే మాత్రం నమ్మను.

ఇక ‘హెల్స్ కిచెన్’ ఒక పోటీ. అందులో నిలబడి తిట్లు తినేవాళ్లు తెలిసి దరఖాస్తు పెట్టుకుని వచ్చినవాళ్లు. గెలిస్తే బహుమతి ఉంది, ఓడినా నలుగురికీ తెలిసిన ముఖమవుతారు. మీ మాస్టర్ ఏ పోటీకీ పేరు ఇవ్వలేదు. జీతం ఇచ్చే యజమాని కొడుకుకు ఎదురు చెప్పలేక, ఎప్పుడూ వచ్చే కస్టమర్ల ముందు తల దించుకుని నిలబడ్డారు. రామ్సే ఒకావిడ చెవుల దగ్గర రెండు బ్రెడ్డు ముక్కలు పెట్టి తిట్టే వీడియో మీ ఫోన్లో కూడా ఉండే ఉంటుంది. అది 2015లో ఒక అమెరికన్ హాస్య కార్యక్రమం కోసం, ఆయన షోను ఆయనే వెక్కిరిస్తూ చేసిన నాటిక. కుర్ర షెఫ్‌లు చాలామంది దాన్ని నిజమైన వంటశాల అనుకుని తలకెక్కించుకుంటున్నారు. ఆ రామ్సేనే పిల్లల వంటల పోటీ ‘మాస్టర్‌షెఫ్ జూనియర్’లో చూడండి. పదేళ్ల పిల్ల చేసిన వంటకం పాడైతే పక్కన నిలబడి, ధైర్యం చెప్పి, మళ్లీ చేయిస్తారు. ఎవరి ముందు గొంతు పెంచాలో, ఎవరి ముందు తగ్గించాలో ఆయనకు బాగా తెలుసు.

మీరు కాపీ కొట్టాల్సిన షో నిజానికి ‘కిచెన్ నైట్‌మేర్స్’. నష్టాల్లో ఉన్న హోటల్‌కు వెళ్లి ఆయన సాధారణంగా ఏం చేస్తారు? ముందు ఫ్రిజ్ తెరిచి చూస్తారు. చాంతాడంత మెనూను సగానికి సగం కోసేస్తారు. ఇప్పుడు మీ బోర్డు చూడండి. పొద్దున్నే ఎన్ని రకాలు రాసి ఉన్నాయి? వాటిలో ఎన్ని రోజూ మిగిలిపోతున్నాయి? ఒక్క మాస్టర్ పెనం మీద దోసెలు చూసుకుంటూ, వెనక పొయ్యి మీద సాంబారు అడుగంటకుండా కలపాలంటే ఎన్ని చేతులు కావాలి? మీరు పనిచేసిన పెద్ద హోటల్లో షెఫ్ రుచి చూడకుండా ఏ గిన్నె అయినా బయటికి వెళ్లేదా? మీ టిఫిన్ సెంటర్లో ఆ షెఫ్ మీరే. మాడు వాసన కస్టమరు ముక్కు దాకా వెళ్లిందంటే, ఆ పూట మీరు గరిటెడు సాంబారు చేతిలో వేసుకుని చూడలేదన్నమాట.

ఇంకో సంగతి. లండన్‌లోని ఆ రెస్టారెంటు వంటశాల బాధ్యతను రామ్సే క్లేర్ స్మిత్ అనే ఆవిడకు అప్పగించారు. ఆమె చేతుల్లో ఆ మూడు నక్షత్రాలూ అలాగే నిలిచాయి. తర్వాత ఆమె సొంతంగా పెట్టిన ‘కోర్’ రెస్టారెంటుకు 2021లో మూడు నక్షత్రాలు వచ్చాయి. వంటశాల అప్పగించి వెళ్లగలిగేంత నమ్మకస్థుడు మీకు తెనాలి రాగానే, జీతం తప్ప వేరే ఖర్చు లేకుండా దొరికాడు. మీ నాన్నగారు మాట మానేసింది అందుకేనని నా అనుమానం. సాంబారు పోయినందుకు కాదు.

ఇప్పుడు మోకాళ్ల సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బరువుగా కనిపించింది దుబాయ్ వాక్యం. అడగని ప్రశ్న మధ్యలో వచ్చి పడింది. మీరు హైదరాబాద్ వదిలి రావాలని ఎవరు నిర్ణయించారు? నాన్నగారు అడిగారా, అడగకముందే మీరే వచ్చేశారా? ఎంతకాలానికి? ఇవేవీ మీ ఇంట్లో ఎవరూ నోరు తెరిచి మాట్లాడుకున్నట్టు లేదు. వదులుకున్న ఉద్యోగం మీద ఉన్న ఉక్రోషం మాస్టర్ మీదా, ఇంట్లో కూర మీదా తీరుతోందని నాకనిపిస్తోంది. గొప్ప షెఫ్ వేషం వేసుకుని అరుస్తున్నంతసేపు అది ఉక్రోషంలా కాక ప్రమాణంలా కనిపిస్తుంది, మీకు మాత్రమే.

ముందు మాస్టర్ ఇంటికి వెళ్లండి. ఫోను వద్దు, సప్లయర్ కుర్రాడితో కబురు వద్దు, నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లడం అసలే వద్దు. ఆయనకు రావాల్సిన జీతం పూర్తిగా చేతికివ్వండి. అందరి ముందు అన్నది తప్పని చెప్పండి. ‘కానీ’ అనే మాట మీ నోట రాకూడదు. ఆ రోజే పనికి రమ్మని అడగకండి, అడిగితే క్షమాపణ కాస్తా బేరమైపోతుంది. ఆయన వచ్చినా రాకపోయినా ఆ డబ్బు ఆయనది. వస్తే, బోర్డు మీద ఏయే రకాలు తీసేయాలో ముందు ఆయన్నే అడగండి. పప్పుకు, చింతపండుకు ఆయన చేతి అంచనాను కొన్ని రోజులు పక్కనుండి తూకం వేసి రాసుకోండి. రోజూ ఒకే రుచి రావడానికి అదొక్కటే మార్గం, ఆ పని మీకు చదువులో నేర్పించే ఉంటారు.

నాన్నగారి దగ్గరికి మాస్టర్ సంగతి తేల్చాకే వెళ్లండి, రాయబారాలు వద్దు. మళ్లీ బయట పనిచేయాలని ఉంటే ఆ మాట కూడా అప్పుడే అనండి. లీజుకివ్వడమో, మాస్టర్‌కే నడపడానికి అప్పగించడమో, ఇంకో రెండేళ్లు చూడటమో ముగ్గురూ కూర్చుని తేల్చుకోవచ్చు. ఆ ముగ్గురిలో మీ భార్య ఒకరు, ఆమెను మరచిపోకండి. అన్నట్టు, ఆమె అన్నది వెటకారమని మీరు తీసిపారేసినట్టున్నారు. ఇంట్లో కంచం ముందు మీరు యజమానిలా కూర్చుంటున్నారని ఆమె తిన్నగానే చెప్పింది. కొంతకాలం ఇంట్లో వంట గురించి అడిగితే తప్ప నోరు విప్పకండి. వారానికి ఒక పూట మీరే వండండి, ఆమె ఏమన్నా వినండి.

ఇవన్నీ చేసినా కోపం చేతుల్లోకి వస్తుంటే, గిన్నెలు విసరాలనిపిస్తుంటే, ఆలస్యం చేయకుండా సైకాలజిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బేమీ తీసుకోరు.