కథలు రాయడంలో అంత ఆనందం ఏముంటుంది? ఊహాశక్తి లేనివాళ్ళు కూడా రాయగలరా?

ముందే చెప్పేస్తున్నా, నేను రచయితని కాదండి. పశ్చిమ గోదావరిలో ఒక రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా చిన్న గదిలో కూర్చుని దస్తావేజులు రాస్తాను, ఇరవై ఏళ్ళు దాటింది. మా రాతలో ఊహకి చోటే లేదు, ఒక్క సెంటు తేడా వచ్చినా, తూర్పు హద్దు పడమరలో పడినా కోర్టుల చుట్టూ తిరగాల్సిందే. అందుకే నాకు ఊహాశక్తి లేదనే చాలా కాలం అనుకున్నా.

చిన్నప్పుడు మాత్రం చందమామలో ఫోటో వ్యాఖ్యల పోటీ అంటే పిచ్చి. రెండు ఫోటోలు వేసేవాళ్ళు, రెండిటికీ జత కుదిరేలా చిన్న చిన్న వ్యాఖ్యలు రాసి కార్డు ముక్క మీద పంపాలి. ఒకదాంట్లో నిద్రపోతున్న పిల్లి, ఇంకోదాంట్లో తాళం వేసిన తలుపు ఉన్నాయనుకోండి, ఈ రెండిటికీ ఏంటి సంబంధం అని అన్నం తింటూ కూడా అదే ఆలోచన. నాకు బహుమతి ఒక్కసారి కూడా రాలేదు లెండి, మా నాన్నగారికి కార్డుల ఖర్చు తప్ప.

తర్వాత ఉద్యోగం, సంసారం, అన్నీ మర్చిపోయా. అలా ఉండగా ఒకరోజు ఒక ముసలావిడ నలభై సెంట్లు అమ్మడానికి వచ్చింది. విక్రయ దస్తావేజుల్లో మేం మామూలుగా రాసే ముక్క ఒకటుంటుంది, 'నా కుటుంబ అవసరాల నిమిత్తం' అని. ఏం అవసరమో ఎవరూ రాయించరు, మేమూ అడగం. చెక్కుబందీ, అంటే పొలానికి నాలుగు వైపులా ఉన్న హద్దులు, చదివి వినిపిస్తుంటే ఆవిడ మధ్యలో ఆపి "బాబూ, గట్టు మీద తాటిచెట్టు కూడా ఆళ్ళకే ఎల్లిపోద్దా?" అంది. అవునమ్మా అన్నా. ఇంకేం మాట్లాడకుండా వేలిముద్ర వేసేసి, వేలికంటిన సిరా చీర కొంగుకి తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదండి. భూమి పోతుంటే అడగని మనిషి చెట్టు గురించి ఎందుకు అడిగింది? పాత దస్తావేజు చిత్తుకాగితం వెనక రాయడం మొదలుపెట్టా. మనవడి కాలేజీ ఫీజు కోసం అమ్మిందని నేను అనుకున్నా, కానీ రాస్తుంటే మనవడు ఎంతకీ కథలోకి రాడు, ఆ చెట్టెక్కే మొగుడు వచ్చి కూర్చున్నాడు, అతను ఎప్పుడో పోయాడు, ఆవిడ ఇంకా చెట్టు కిందకెళ్ళి పైకి చూస్తోంది. ఇదంతా నేను అనుకున్నది కాదు. నా చేతి రాతే నాకు తెలియని సంగతి చెప్తుంటే ఒళ్ళు జలదరించింది. మీరడిగిన ఆనందం నాకు దొరికింది అక్కడే, అచ్చులో పేరు చూసుకోవడంలో కాదు (ఆ కథ ఒక పత్రికకి పంపితే తిరిగొచ్చింది, అది వేరే సంగతి).

కాబట్టి నాకు అర్థమైంది ఏంటంటే ఊహ గాల్లోంచి ఊడిపడదు, కాగితం మీద రాయకుండా వదిలేసిన చోట పుడుతుంది. విశాఖలో లాయరుగా చేసిన రావిశాస్త్రి గారు సారా కేసుల లోకంలోంచే 'ఆరు సారా కథలు' తీశారు. ఆ కేసు కాగితాలు ఎంతమంది చూసుంటారు చెప్పండి! ఆయనతో నాకు పోలిక ఎక్కడిది గానీ, సరుకు మాత్రం అందరి ముందూ ఉంటుందని చెప్పడానికి అన్నా.

మీకు ఊహ రావట్లేదనిపిస్తే కథ రాయాలని కూర్చోకండి. మీరు చూసిన మనిషి అన్న ఒక్క మాట రాసుకుని, దాని ముందు ఏం జరిగుంటుందో రాయండి. రాజులూ మాంత్రికులూ తర్వాత చూసుకోవచ్చు.

నా తాటిచెట్టు కథకి ఇప్పటికి మూడు ముగింపులున్నాయి. చెట్టు కొట్టేసేది మా ఆవిడకి నచ్చింది, నాకు నచ్చలేదు, ఆదివారం నాలుగోది మొదలుపెడతా.