శాంతి దళాల్లో అక్రమాలపై దర్యాప్తు: ముందుగా ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: లా చివరి సంవత్సరంలో ఉన్నాను. ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో, సహాయ సంస్థల్లో జరిగే అవినీతి, లైంగిక దోపిడీపై దర్యాప్తు చేయాలని ఉంది. ఎలా సిద్ధం కావాలి?

జవాబు: ఐరాసలో ఈ పని ప్రధానంగా 1994లో ఏర్పడిన అంతర్గత పర్యవేక్షణ కార్యాలయానిది. యూనిసెఫ్ వంటి వాటికి సొంత విభాగాలున్నాయి. చదువు ముగిసిన వెంటనే అక్కడ చోటు దొరకడం కష్టం. ఐరాస వృత్తి నిపుణుల ఉద్యోగాల్లో కింది స్థాయి అయిన పీ-2కి పీజీతో పాటు రెండేళ్లు, దాని పై స్థాయి పీ-3కి ఐదేళ్ల అనుభవం సాధారణంగా అడుగుతారు. డిగ్రీతోనే వెళ్తే మరో రెండేళ్లు కావాలి. అందుకే ఇప్పటి నుంచే డబ్బు కేసులా (అవినీతి), మనుషుల కేసులా (లైంగిక దోపిడీ) అన్నది తేల్చుకోండి.

డబ్బు వైపైతే చట్టం ఒక్కటే చాలదు, లెక్కలు చదవడం రావాలి. ఆంక్షల్లో ఉన్న ఇరాక్ చమురు అమ్మి ఆహారం, మందులు కొనుక్కునేందుకు ఐరాస నడిపిన ‘చమురుకు ఆహారం’ పథకంలో 2,000కు పైగా కంపెనీలు ఇరాక్ ప్రభుత్వానికి అక్రమంగా చెల్లించాయని 2005లో ఐరాస నియమించిన వోల్కర్ విచారణ కమిటీ తేల్చింది. సరుకుల ఒప్పందాల్లో సాధారణంగా 10 శాతం లంచాన్ని ‘అమ్మకం తర్వాతి సేవల రుసుము’ పేరుతో ధరలో కలిపేశారు. ఇలాంటివి పట్టాలంటే టెండరు, ఇన్‌వాయిస్, బ్యాంకు ఖాతా మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఫోరెన్సిక్ ఆడిట్ (మోసాలు పట్టే లెక్కల తనిఖీ) సంస్థలో పనిచేస్తూ సీఎఫ్ఈ (సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్) పరీక్ష రాయండి.

మనుషుల కేసులు ఇంకా సున్నితం. బాధితులను, ముఖ్యంగా పిల్లలను, ఒకరి తర్వాత ఒకరు అవే ప్రశ్నలు అడిగితే గాయం మళ్లీ రేగుతుంది. చెప్పే మాటల్లో తేడాలు వస్తే కోర్టులో కేసు బలహీనపడుతుంది. బాధితుల వాంగ్మూలం తీసుకోవడంలో శిక్షణ పొందండి, ఫ్రెంచ్ నేర్చుకోండి. ఐరాస పెద్ద శాంతి మిషన్లు కొన్ని ఫ్రెంచ్ మాట్లాడే దేశాల్లోనే నడిచాయి.

రెండు చేదు నిజాలు ముందే తెలియాలి. శాంతి దళ సైనికుణ్ని శిక్షించే అధికారం ఐరాసకు లేదు. వెనక్కి పంపడం వరకే దాని చేతిలో ఉంటుంది, విచారణ అతని దేశానిది. మీరు పకడ్బందీగా తయారుచేసిన ఫైలు అక్కడే ఆగిపోవచ్చు. ఇక నిజం చెప్పినవారికీ రక్షణ గ్యారంటీ లేదు. మధ్య ఆఫ్రికా గణతంత్రంలో పిల్లలపై ఫ్రెంచ్ సైనికులు లైంగిక దారుణాలకు పాల్పడ్డారన్న ఆరోపణల నివేదికను ఫ్రాన్స్ అధికారులకు అందించిన ఐరాస అధికారి ఆండర్స్ కొంపాస్‌ను 2015లో సస్పెండ్ చేశారు. తర్వాత ఆయన తప్పేమీ లేదని తేలింది. మీరు ఎక్కడ చేరినా ఫిర్యాదుదారుల రక్షణ నిబంధనలను మొదటి వారంలోనే చదవండి. ఎవరికి, ఏ తేదీన ఏం తెలియజేశారో రాసిపెట్టుకోండి.

దరఖాస్తులో ‘మానవ హక్కులంటే ఆసక్తి’ అని రాసి ఆగిపోవద్దు. ఎన్ని కేసులు చూశారు, సాక్ష్యం ఎలా సేకరించారు, అందులో మీ వంతు పని ఏమిటి అన్నది రాయండి. ఎంపిక ఏ దశలోనూ ఐరాస రుసుము తీసుకోదు. అడిగినవారు మోసగాళ్లే.